పాలు, గోధుమలు మాన్పిస్తే ఆటిజం పోతుందా?

"బాబుకు పాలు మాన్పించండి. గోధుమతో చేసినవి ఏవీ పెట్టవద్దు. ఆరు నెలలలో మాటలు వస్తాయి." ఈ సలహా ఒకప్పుడు పట్నాలలో పెద్ద ఆసుపత్రుల వరండాలలో మాత్రమే వినిపించేది. ఇప్పుడు సెల్‌ఫోను ఉన్న ప్రతి పల్లెకూ వచ్చి చేరినది. కొందరు రాజస్థానం నుండి ఒంటె పాల పొడి తెప్పిస్తున్నారు. కొందరు నెలకు వేల రూపాయలు పెట్టి విటమిను డబ్బాలు కొంటున్నారు. కౌలు పొలం చేసుకొని బ్రతికే కుటుంబములు కూడా వడ్డీకి తెచ్చి ఈ డబ్బాలు కొనడం మేము ఎరుగుదుము.

మన సంఘాలలో ఇట్టి బిడ్డలు ఉన్న తల్లిదండ్రులు మమ్మును అడిగే ప్రశ్నలు రెండు. మేము పెట్టిన తిండి వలన బిడ్డకు ఇలా అయినదా? తిండి మారిస్తే బాగుపడతాడా? జవాబు ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాము. తిండి వలన రాలేదు. తిండి మార్చినంత మాత్రాన పోదు. అయినా ఆటిజం ఉన్న బిడ్డకు తిండి విషయము చాలా పెద్ద విషయమే. అది ఎందుకో కూడా చెప్పవలసి ఉన్నది.

ఆటిజం అంటే బిడ్డ మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. అది అంటురోగము కాదు, పిచ్చి అంతకంటే కాదు. పేరు పెట్టి పిలిచినా బిడ్డ తిరిగి చూడడు. మన కళ్ళలోకి చూడడు. మాటలు ఆలస్యమవుతాయి, లేదా మనము అన్నదే తిరిగి అంటాడు. ఒకే బొమ్మను గంటల తరబడి తిప్పుతాడు. చిన్న శబ్దానికి చెవులు మూసుకుంటాడు. ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఇది ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి లెక్కను బట్టి చెబుతున్నది. అయిదు దేశాలలో ఇరవై లక్షల మంది పిల్లల వివరాలు చూసి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆటిజానికి కారణాలలో సుమారు 80 పాళ్ళు వంశపారంపర్యమైనవేనని తేలినది. అంటే బిడ్డ ఉగ్గు తాగడానికి ముందే, తల్లి గర్భములో ఉండగానే ఈ తేడాకు పునాది పడుతున్నది.

ఈ సంగతి తెలియని రోజులలో పెద్ద పెద్ద వైద్యులే నేరము తల్లి మీద మోపారు. తల్లి బిడ్డను ప్రేమగా చూడకపోవడం వలన ఆటిజం వస్తుందని 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన అమెరికాలో ఒక పుస్తకము వ్రాస్తే లోకమంతా నమ్మినది. ఆటిజాన్ని మొదట వర్ణించిన డాక్టరు లియో కానర్ 1969లో తల్లిదండ్రుల సభలో నిలబడి, ఈ నేరము మీది కాదని చెప్పవలసి వచ్చినది. ఇప్పుడు ఆ నేరమే వేషము మార్చుకొని వంటింటిలోకి వచ్చినది. గర్భవతిగా ఉన్నప్పుడు నీవు ఏమి తిన్నావు? పసివానికి పోతపాలు ఎందుకు పట్టావు? బిస్కెట్లు ఎందుకు అలవాటు చేశావు? అడిగేవారు చుట్టాలే, మన సంఘస్థులే. పుట్టుగ్రుడ్డివాని చూసి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ఇద్దరిలో ఎవరి మీదా నేరము పెట్టలేదు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయము చదివిన మనము అదే ప్రశ్న ఒక తల్లిని ఎలా అడుగుతున్నామో తెలియదు.

ఆహారమే మందైన సంగతి ఒకటి ఉన్నది

తిండికీ మెదడుకూ సంబంధమే లేదని మేము అనడం లేదు. ఆ సంబంధము నిజమని చూపే చరిత్ర ఒకటి ఉన్నది. అది తెలిస్తే ఆటిజం విషయము ఇంకా బాగా అర్థమవుతుంది.

చైనాలో సేవ చేసిన ప్రెస్బిటేరియన్ మిషనరీల కుమార్తె పెర్ల్ బక్ పేరు మన చదువరులలో కొందరు విని ఉంటారు. 1938లో నోబెల్ బహుమానము పొందిన రచయిత్రి. ఆమెకు 1920లో కేరొల్ అనే ఆడబిడ్డ పుట్టినది. పుట్టినప్పుడు ముద్దుగా, ఆరోగ్యంగా ఉన్న పిల్ల. కాని సంవత్సరాలు గడుస్తున్న కొద్దీ బుద్ధి ఎదగలేదు. తల్లి ఎందరో వైద్యులకు చూపించినది. ఎవరూ కారణము చెప్పలేకపోయారు. చివరకు 1929లో అమెరికాలోని ఒక ఆశ్రమ పాఠశాలలో బిడ్డను ఉంచవలసి వచ్చినది. ఆ బాధను ఆమె 1950లో ఒక చిన్న పుస్తకంగా వ్రాసినది.

కేరొల్‌కు ఉన్నది ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే లోపమని ఎన్నో ఏళ్ళ తరువాత తెలిసినది. మనము తినే మాంసకృత్తులలో ఫినైల్ అలనిన్ అనే పదార్థము ఉంటుంది. ఈ లోపము ఉన్నవారి శరీరము దానిని అరిగించుకోలేదు. అది రక్తంలో పేరుకొని లేత మెదడును పాడు చేస్తుంది. దీనిని 1934లో నార్వే దేశంలో ఫోలింగ్ అనే వైద్యుడు కనిపెట్టాడు. ఆయన దగ్గరకు ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె వచ్చినది. తన పిల్లల మూత్రము వింతైన వాసన వేస్తున్నదని ఆమె ఎందరికి చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఫోలింగ్ పట్టించుకున్నాడు, పరీక్షించాడు. తల్లి మాట నిజమైనది. 1950ల మొదటిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో బికెల్ అనే వైద్యుడు ఫినైల్ అలనిన్ బాగా తగ్గించిన ఆహారాన్ని తయారు చేసి ఒక చిన్న పిల్లకు పెట్టి చూశాడు. పిల్లలో మార్పు వచ్చినది. నేడు అనేక దేశాలలో పుట్టిన కొద్ది రోజులకే మడమ నుండి రక్తపు చుక్క తీసి ఈ పరీక్ష చేస్తారు. లోపము ఉంటే వెంటనే ఆహారము మారుస్తారు. ఆ బిడ్డలు మామూలుగా చదువుకొని, పెళ్ళిళ్ళు చేసుకొని బ్రతుకుతున్నారు. వైద్యము అందని బిడ్డలలో కొందరికి ఆటిజం లక్షణాలు కూడా కనిపిస్తాయి.

ఇక్కడ గమనించవలసినది ఏమంటే, ఏ పదార్థము హాని చేస్తున్నదో తెలిసినది, రక్తంలో కొలిచి చూశారు, తగ్గిస్తే మేలు కలిగినది, పెంచితే మళ్ళీ చెడినది. ఆటిజానికి కూడా ఇటువంటి తాళపుచెవి ఒకటి దొరుకుతుందని తల్లిదండ్రులు, వైద్యులు ఆశపడడంలో తప్పేమీ లేదు. ఆ ఆశతోనే వెదికారు. ఏమి దొరికినదో చూద్దాము.

పాలు, గోధుమల మాట ఎలా పుట్టినది?

నోటిలో పెట్టిన దానివలన మాటలు వస్తాయనే నమ్మకము మనకు కొత్త కాదు. పసిబిడ్డకు మాటలు బాగా రావాలని వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్ళలో పాత అలవాటు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అని ఇప్పటికీ అంటాము. పాలు, గోధుమల మాట మాత్రము పాశ్చాత్య దేశాల నుండి వచ్చినది. గోధుమలో గ్లూటెన్ అనే మాంసకృత్తు, పాలలో కేసిన్ అనే మాంసకృత్తు ఉంటాయి. ఇవి సరిగా అరగక, నల్లమందు వంటి ముక్కలుగా మారి, పేగుల నుండి రక్తంలోకి, అక్కడ నుండి మెదడులోకి పోయి బిడ్డను మత్తులో ఉంచుతాయని ఒక ఊహ. ఆటిజంలో నల్లమందు వంటి పదార్థాల పాత్ర ఉండవచ్చునని 1979లో పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త వ్రాసిన దానిమీద ఈ ఊహ పెరిగినది. వినడానికి నమ్మదగినట్లే ఉన్నది. కాని 2008లో లండనులో ఆటిజం ఉన్న పిల్లల మూత్రాన్ని, లేని పిల్లల మూత్రాన్ని పరీక్షించి పోల్చితే, ఉంటాయనుకున్న ఆ ముక్కల విషయంలో తేడా ఏమీ కనబడలేదు.

మాన్పించి చూసినవారూ ఉన్నారు. ఈ సంగతి చెప్పడానికి దానియేలు గ్రంథము మొదటి అధ్యాయము ఉపయోగపడుతుంది. రాజు భోజనము వద్దన్న దానియేలు ఊరకే నమ్మమని అధికారిని అడగలేదు. పది దినములు గడువు పెట్టాడు. గడువు తీరిన తరువాత రాజు భోజనము తిన్న యౌవనులతో తమను పోల్చి చూడమన్నాడు. గడువు పెట్టి, పోల్చి చూడడం అనే ఈ పద్ధతినే నేటి వైద్యులు మరికొంత కట్టుదిట్టము చేశారు. బబులోనులో ఎవరు ఏమి తిన్నారో ఆ అధికారికి తెలుసు. నేటి పరీక్షలో అది కూడా తెలియనివ్వరు. ఎందుకంటే, మార్పు రావాలని ఆశించే కంటికి మార్పు కనబడుతుంది. అది అబద్ధమాడడం కాదు, మనిషి స్వభావము.

2002లో నార్వేలో 20 మంది పిల్లలతో సంవత్సరము పాటు ఒక పరీక్ష జరిగినది. పాలు, గోధుమలు మాన్పించిన పిల్లలలో మేలు కనబడినదని వ్రాశారు. అయితే తమ బిడ్డ ఏ గుంపులో ఉన్నాడో తల్లిదండ్రులకు తెలుసు. 2006లో అమెరికాలోని ఫ్లోరిడాలో 15 మంది పిల్లలకు 12 వారాలు, ఎవరికీ తెలియకుండా వంటలు మార్చి పెట్టి చూశారు. లెక్కలలో చెప్పుకోదగిన తేడా రాలేదు. తేడా ఉన్నదని కొందరు తల్లిదండ్రులు అప్పటికీ అన్నారు. 2016లో రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు మూడు నుండి అయిదేళ్ళ వయస్సు గల 14 మంది పిల్లలకు పాలు, గోధుమలు పూర్తిగా మాన్పించి, కొన్ని వారాలైన తరువాత చిరుతిండిలో ఒకసారి గోధుమ, ఒకసారి పాలు, ఒకసారి రెండూ, ఒకసారి ఏదీ లేకుండా పెట్టారు. ఏమి పెట్టినదీ తల్లికి తెలియదు, చూసేవారికీ తెలియదు. బిడ్డ నడతలో, నిద్రలో, విరేచనాలలో ఏ తేడా రాలేదు. ఇవి చిన్న పరీక్షలే, ఒప్పుకుంటాము. కాని ఎంత కట్టుదిట్టంగా చూస్తే మేలు అంత కనబడకుండా పోతున్నది.

ఆశ ఎంత బలమైనదో చెప్పే సంగతి మరొకటి ఉన్నది. జీర్ణక్రియకు సంబంధించిన సెక్రెటిన్ అనే ఇంజక్షను ఇస్తే ఆటిజం తగ్గుతుందని 1998లో అమెరికా టెలివిజనులో చూపించారు. వేలాది తల్లిదండ్రులు పరుగెత్తారు. మరుసటి సంవత్సరము 60 మంది పిల్లలతో పరీక్ష చేశారు. సగము మందికి సెక్రెటిన్, సగము మందికి ఉప్పునీరు. రెండు గుంపులలోనూ ఒకే విధంగా కొందరు మెరుగైనట్లు కనబడ్డారు. మందులో పస లేదని చెప్పిన తరువాత కూడా, మా బిడ్డకు అదే ఇప్పించండి అని అడిగిన తల్లిదండ్రులు మూడింట రెండు వంతుల మంది. వారిని చూసి నవ్వడానికి మాకు మనసు రాదు.

అదే 1998లో వేక్‌ఫీల్డ్ అనే వైద్యుడు 12 మంది పిల్లలను చూపి పేగుల జబ్బుకు, ఆటిజానికి, తట్టు టీకాకు ముడిపెట్టాడు. ఆ వ్యాసాన్ని 2010లో పత్రికవారే రద్దు చేశారు. ఆయన వైద్యము చేసే అర్హత కూడా పోయినది. కాని ఆ భయము మాత్రము ఇంకా ఊళ్ళలో తిరుగుతున్నది. టీకా మానుకోవద్దు. తట్టు పిల్లల ప్రాణాలు తీసే రోగము.

పేగులలోని సూక్ష్మక్రిముల గురించి ఈ మధ్య ఎక్కువగా వింటున్నాము. ఆటిజం ఉన్న పిల్లల పేగులలో క్రిములు వేరుగా ఉన్నాయి, అదే కారణమని అంటున్నారు. ఆస్ట్రేలియాలో 247 మంది పిల్లలను పరిశీలించి 2021లో ప్రచురించిన పరిశోధనలో ఆ సంగతి తలక్రిందులైనది. ఆటిజం ఉన్న పిల్లలు కొన్ని పదార్థాలే తింటారు, కొన్నే తినడం వలన పేగులలోని క్రిములు తగ్గిపోతాయి అని తేలినది. అంటే తిండి వలన ఆటిజం కాదు, ఆటిజం వలన తిండి మారుతున్నది. మా దృష్టిలో ఈ విషయమంతటికీ కీలకము ఇక్కడే ఉన్నది.

పెరుగన్నం తప్ప ఏదీ తినని బిడ్డ

1943లో డాక్టరు కానర్ వ్రాసిన మొదటి వ్యాసంలో 11 మంది పిల్లలు ఉన్నారు. వారిలో పలువురికి పసితనం నుండే తిండి పెట్టడం కష్టమైనదని ఆయన వ్రాశాడు. మొదటి బాలుడు మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్టు అనే చిన్న ఊరి డోనాల్డ్. రెండేళ్ళు నిండేసరికే ఇరవైమూడవ కీర్తనను, ప్రెస్బిటేరియన్ ప్రశ్నోత్తరాలలో ఇరవైఅయిదింటిని కంఠస్థము చేశాడు. కాని మామూలు ఆకలి అనేది ఎరుగడు. ఇతర పిల్లలు మిఠాయి, ఐస్‌క్రీము తింటుంటే చూసినా వానికి ఆశ కలిగేది కాదని తండ్రి వ్రాసిన ఉత్తరంలో ఉన్నది. ఆ డోనాల్డ్ ట్రిప్లెట్ తన ఊరి బ్యాంకులో ఉద్యోగము చేసి, కారు నడిపి, దేశాలు తిరిగి, 89 ఏళ్ళు బ్రతికి 2023 జూన్‌లో కన్నుమూశాడు.

ఆటిజం ఉన్న పిల్లలకు తిండి సమస్యలు ఇతర పిల్లల కంటె సుమారు అయిదు రెట్లు ఎక్కువ. మనకు అన్నము అన్నమే. ఆ బిడ్డకు మెత్తగా ఉన్న అన్నం వేరు, పలుకుగా ఉన్న అన్నం వేరు. ముద్దపప్పులో ఒక ఆవగింజ పంటికి తగిలితే గిన్నె తోసివేస్తాడు. ఇది పొగరు కాదు. నాలుకకు, ముక్కుకు, చేతికి తగిలేది వానికి మనకంటె ఎన్నో రెట్లు గట్టిగా తగులుతుంది. తెలిసిన తిండి ఒకటి దొరికితే దానినే పట్టుకొని వదలడు.

ఇట్టి బిడ్డకు పథ్యము పెడితే ఏమవుతుందో మేము ఎరిగిన ఒక ఇంటిలో చూశాము. ఆరేళ్ళ బాబు తినేవి మూడే మూడు: పెరుగన్నం, ఒక రకం గ్లూకోజ్ బిస్కెట్, వేయించిన అప్పడం. ఎవరో చెప్పగా పెరుగు, బిస్కెట్ ఒకే రోజున ఆపివేశారు. అప్పడం మిగిలినది. కొత్తవి ఏవి పెట్టినా బాబు నోరు తెరవలేదు. పదకొండు రోజులలో పక్కటెముకలు కనబడ్డాయి. పదకొండవ రాత్రి నాయనమ్మ ఎవరికీ చెప్పకుండా పెరుగన్నం కలిపి పెట్టినది. "మాటలు రాకపోతే పోనీ అయ్యా, బిడ్డ ఉండాలి గదా" అన్నది ఆమె మాతో. పోషకాహార శాస్త్రము చదివినవారు కూడా ఇంతకంటె మంచి మాట చెప్పలేరు.

పాశ్చాత్య దేశాలలో గోధుమ మానడం కష్టము, ఖర్చు. మనకు ఆ బాధ తక్కువ. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె, రాగి సంకటి వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. మాన్పించవలసినవి ఉప్మారవ్వ, పూరీ, బన్ను, బిస్కెట్ వంటివే. (అంగడిలో దొరికే పొడి ఇంగువలో కూడా తరచు గోధుమపిండి కలుపుతారు.) మన పిల్లలకు అసలు నష్టము పాలు, పెరుగు మాన్పించినప్పుడు వస్తుంది. మాంసము, గ్రుడ్డు ముట్టని బిడ్డకు ఎముకల బలమూ, మాంసకృత్తులూ చాలా వరకు పెరుగన్నంలోనే ఉన్నాయి. అమెరికాలో నాలుగు నుండి ఎనిమిదేళ్ళ వయస్సు గల 75 మంది ఆటిజం బాలుర చేతి ఎముకలను ఎక్స్‌రే తీసి చూస్తే ఎముక పలుచగా ఉన్నదని 2008లో వ్రాశారు. పాలు మాన్పించిన బాలురలో మరీ పలుచగా ఉన్నది. కొన్నే తినే పిల్లలలో సి విటమిను అందక చిగుళ్ళ నుండి రక్తము కారి నడవలేకపోయినవారు, ఎ విటమిను అందక చూపు పోయినవారు ఉన్నారని వైద్య పత్రికలలో వస్తున్నది.

కొందరు బిడ్డలు పాలు మానితే నిజంగానే నెమ్మదించారని అనేవారు ఉన్నారు. అది కూడా అబద్ధము కాకపోవచ్చును. మన దక్షిణాదిలో పాలలోని చక్కెర అరగనివారు చాలామంది. పాలు తాగితే కడుపు ఉబ్బి నొప్పి వస్తుంది. మాటలు వచ్చిన బిడ్డ 'అమ్మా, కడుపు' అంటాడు. మాటలు లేని బిడ్డ తల గోడకు కొట్టుకుంటాడు, కడుపును మంచపు పట్టెకు ఆనించి వంగుతాడు, రాత్రి లేచి అరుస్తాడు. నొప్పి పోతే అరుపు పోతుంది, చూసేవారికి ఆటిజం తగ్గినట్లు ఉంటుంది. అలాంటి బిడ్డకు పాలకు బదులు పెరుగు పెడితే తరచు సరిపోతుంది. మలబద్ధకము కూడా ఈ పిల్లలలో ఎక్కువ. దానికి డాక్టరు ఇచ్చే మామూలు మందు పనిచేస్తుంది. గోధుమ పడని సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి గోధుమ మానడమే మందు. ఆ జబ్బు మన ప్రాంతాలలో ఉత్తరాది కంటె చాలా తక్కువ. అనుమానము ఉంటే గోధుమ మాన్పించక ముందే రక్తపరీక్ష చేయించాలి. మానిన తరువాత చేస్తే జబ్బు బయటపడకపోవచ్చును.

చర్చి పేరు పెట్టుకొన్న మోసము

ఒక హెచ్చరిక సంఘ పత్రికగా మేము తప్పక చేయవలసి ఉన్నది. అమెరికాలో 'జెనెసిస్ 2 చర్చి' అని పేరు పెట్టుకొని ఒక గుంపువారు 'అద్భుత ద్రావకము' అమ్మారు. ఆటిజం, కేన్సరు, కోవిడ్ అన్నీ పోతాయన్నారు. అది బట్టల మిల్లులలోను, కాగితపు మిల్లులలోను తెల్లబరచడానికి వాడే క్లోరిన్ డయాక్సైడ్. పిల్లల చేత త్రాగించిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆ గుంపు నాయకునికి, ముగ్గురు కుమారులకు 2023లో ఫ్లోరిడా న్యాయస్థానము జైలు శిక్ష విధించినది. ఒంటిలోని పాదరసము, సీసము లాగివేస్తామని నరానికి ఎక్కించే మందు వలన 2005లో పెన్సిల్వేనియాలో అయిదేళ్ళ ఆటిజం బాలుడు ప్రాణము కోల్పోయాడు. విటమినులు కూడా మోతాదు మించితే విషమే. బి6 ఎక్కువ కాలము ఎక్కువగా ఇస్తే నరాలు మొద్దుబారుతాయి. అమ్మేవాడు బైబిలు పట్టుకొని ఉన్నా, ప్రార్థన చేసి డబ్బా చేతికి ఇచ్చినా, ఆ డబ్బాలో ఏమి ఉన్నదో డాక్టరుకు చూపించకుండా బిడ్డకు పెట్టవద్దు.

ఇంటిలో ఏమి చేయవచ్చును?

మొట్టమొదట బిడ్డను జిల్లా కేంద్రానికి తీసుకొని వెళ్ళండి. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకము క్రింద జిల్లా ఆసుపత్రులలో పిల్లల ఎదుగుదల లోపాలను త్వరగా గుర్తించే కేంద్రాలు ఏర్పరచారు. మీ ఊరి ఆశా కార్యకర్తకు గాని, అంగన్‌వాడీ టీచరుకు గాని ఈ సంగతి తెలుస్తుంది. సికింద్రాబాదులోని మనోవికాస్‌నగర్‌లో ఇట్టి పిల్లల కొరకు 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఉన్నది. మాటలు, ఆటలు, తన పని తాను చేసుకోవడం చిన్న వయస్సులోనే నేర్పించడం, ఆ నేర్పే తీరు తల్లిదండ్రులకు కూడా నేర్పడం, ఇవి మేలు చేస్తాయి. డబ్బాలకు పెట్టే రూపాయలు బస్సు చార్జీలకు పెడితే వృథా కాదు.

తిండి విషయంలో తొందర పనికిరాదు. ముక్కు మూసి నోట్లో కుక్కడం కొన్ని ఇళ్ళలో చూశాము. అన్నం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదము ఉన్నది, పైగా ఆ పదార్థమంటే బిడ్డకు జన్మంతా భయము పడుతుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, అదే కంచంలో పెట్టండి. వాడు తినేది తీసివేయకుండా, కొత్తది కొంచెము పక్కన ఉంచండి. మొదట చూస్తాడు. తరువాత ముట్టుకుంటాడు, వాసన చూస్తాడు, నాలుకకు తగిలించుకుంటాడు. ఇరవైసార్లు పెట్టినా తినకపోవచ్చును. ఇరవైఒకటవసారి పెట్టండి. పెరుగన్నం తినే బిడ్డకు అదే పెరుగులో ఇడ్లీ మెత్తగా చిదిమి పెట్టవచ్చును. కొన్ని వారాల తరువాత అరచెంచా రాగి జావ, రంగు మారీ మారనట్లుగా, కలపవచ్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము ఉన్నది. ఇది పాలలో కంటె ఎక్కువ. నువ్వులలో ఇంకా ఎక్కువ.

అన్నానికి బదులు రోజుకు లీటరు పాలు తాగే బిడ్డకు మాత్రము పాలు తగ్గించాలి. కడుపు పాలతో నిండి, ఇనుము అందక రక్తము తగ్గుతుంది. మన్ను, సున్నము, బలపము తినే బిడ్డ ఉంటే కొట్టవద్దు, రక్తపరీక్ష చేయించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలోను, అంగన్‌వాడీలలోను ఉచితముగా ఇచ్చే నులిపురుగుల మాత్రను తప్పించవద్దు.

ఇంత చెప్పినా, ఒకసారి మాన్పించి చూస్తామని అనే తల్లిదండ్రులు ఉంటారు. వారిని మేము తప్పు పట్టము. అయితే దానియేలు వలె గడువు పెట్టుకొని చూడండి. డాక్టరుకు చెప్పి, ఒక్క పదార్థమే మాన్పించండి. దానికి బదులు ఏమి పెట్టాలో ముందే సిద్ధము చేసుకోండి. ప్రతి నెలా బరువు తూచండి. బడిలో టీచరుకు గాని, సండేస్కూలు అక్కకు గాని చెప్పకుండా, వారికి ఏమైనా తేడా కనబడుతున్నదేమో అడగండి. గడువు తీరినా తేడా లేకపోతే పెరుగన్నం మళ్ళీ పెట్టండి. బరువు తగ్గితే గడువు కోసం ఆగవద్దు.

బిడ్డ కొరకు ఉపవాసముండి ప్రార్థించే తల్లులు మన సంఘాలలో చాలామంది. ఆ ప్రార్థనను మేము గౌరవిస్తాము. బిడ్డ చేత మాత్రము ఉపవాసము చేయించవద్దు. పాలిచ్చే తల్లి, గర్భవతి కూడా ఉపవాసము విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

సంఘానికి కూడా ఒక పని ఉన్నది. క్రిస్మసు ప్రేమవిందులో ఈ కుటుంబములు తరచు కనబడవు. బిడ్డ బిరియానీ కంచము విసరివేస్తాడని, అందరూ తల్లినే చూస్తారని, వారు ఆరాధన ముగియగానే ఇంటికి వెళ్ళిపోతారు. వంట చేయించే సోదరీలు నాలుగు రోజుల ముందే ఆ తల్లిని కలిసి, "బాబు ఏమి తింటాడమ్మా?" అని అడగవచ్చును. మసాలా పడక ముందే ఒక చిన్న గిన్నెలో తెల్లన్నము తీసి మూతపెట్టి ఉంచవచ్చును. ఇంటి నుండి వాని కంచము, వాని పెరుగు తెచ్చుకుంటే, ఎందుకు తెచ్చావని ఎవరూ అడగకుండా చూడవచ్చును. మైకు సెట్టుకు దూరంగా, గోడ ప్రక్కన, ఆ కుటుంబానికి ఒక చాప వేయండి.